సారు జీతం – మన కడుపుమంట





కరోనా పోయి ఏండ్లు గడిచినయి. ఆ కాలంలో మన నోళ్లలో పడిన ఒక మాట మాత్రం ఇంకా పోలేదు. "సార్లకేంది, రెండేండ్లు ఇంట్ల కూసుండి జీతం తిన్నరు" అనే మాట. కొత్తగూడల ఆటో ఎక్కినా, నర్సంపేట బస్సుల కూసున్నా, పీఆర్సీ ముచ్చటో డీఏ ముచ్చటో వస్తే చాలు, వెనకనే ఆ మాట వస్తది. బుద్ధవిహారంలో వందనం అయినంక కూడా వస్తది. అనేవాళ్లు మనవాళ్లే. పడేవాళ్లల్ల కూడా మనవాళ్లున్నారు.

అది న్యాయమైన కోపమా? లేక ఒట్టి కడుపుమంటా? ఈ రెంటికీ తేడా ఎట్ల తెలుసుకోవాలి? ఇది చిన్న ప్రశ్న కాదు. దీనికి ధమ్మం ఏం చెప్తదో చూద్దాం.

జరిగింది జరిగినట్టు

ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమన్నాడు బుద్ధుడు. కోపం వచ్చినప్పుడు ముందు చెయ్యవలసిన పని అదే.

2020 మార్చిలో బడులు మూతపడ్డయి. ఆ నెలాఖరుకే రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగుల జీతాలకు కోత పెట్టింది. టీచర్లతో సహా రెగ్యులర్ ఉద్యోగులకు మూడు నెలలు సగం జీతమే ఇచ్చారు. ఆగిన సగం తర్వాత వాయిదాల మీద ఇచ్చారు. ఆగస్టు 27 నుంచి టీచర్లను బడికి రమ్మన్నారు. సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు మొదలుపెట్టారు. అంటే రెండేండ్లూ అందరూ ఇంట్లనే కూసున్నరన్నది నిజం కాదు. పిల్లలు లేని బడికి సార్లు వచ్చిన రోజులు చాలా ఉన్నయి.

ఇక 2021. ఫిబ్రవరి 1న తొమ్మిదో తరగతి నుంచి పైవాళ్లకు, అదే నెల 24న ఆరు నుంచి ఎనిమిది దాకా బడి తెరిచారు. మార్చి 22న ఉద్యోగులకు, టీచర్లకు 30 శాతం ఫిట్‌మెంట్, రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంపు అని అసెంబ్లీలో ప్రకటించారు. సరిగ్గా రెండు రోజులకు, మార్చి 24న, బడులు మళ్లీ మూసేశారు. ఏప్రిల్ 8న ప్రైవేటు బడుల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామన్నారు.

ఈ మూడు వార్తలూ ఇరవై రోజుల లోపలివే. ఒకే బీఈడీ చదివిన ఇద్దరిలో ఒకరికి పెరిగిన జీతం, ఇంకొకరికి రేషన్ షాపు బియ్యం. ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పిన మనిషి ఇడ్లీ బండి పెట్టుకున్నాడు, ఉపాధి హామీ పనికి పోయి మట్టి తవ్విండు. సర్కారు బడిలోనే నెలకు 12,000 రూపాయల గౌరవ వేతనం మీద పనిచేసిన విద్యా వలంటీర్లకు బడి మూతపడ్డంక పని లేదు, పైసా లేదు. కడుపుమంట అక్కడ పుట్టింది. ఊరికే పుట్టలేదు.

కోపంలో ఉన్న నిజం

మన ప్రాంతంలో ఈ కోపానికి ఇంకా లోతైన వేరు ఒకటుంది. కొత్తగూడ ఏజెన్సీ మండలం. కోయగూడేలు, లంబాడి తండాలు, అడవి. బడి ఉంటది, సారు రాడు అనే బాధ ఇక్కడి తల్లులకు కరోనాతో మొదలు కాలేదు. మైదానం నుంచి వచ్చే టీచర్లు ఏజెన్సీ బడుల్లో నిలవడం లేదనే కదా, 2000 సంవత్సరంలో జీవో నంబరు 3 తెచ్చి షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్నారు. ఆ జీవోను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. అప్పుడు లాక్‌డౌన్. గూడెం పిల్లలు రోడ్డు మీదికి వచ్చి అడిగే దారి కూడా లేదు.

పాఠం టీవీలో వస్తుందన్నారు. టీవీ లేని ఇల్లు, కరెంటు నిలవని ఊరు, ఫోనుకు సిగ్నల్ దొరకని గూడెం ఉన్న చోట ఆ పాఠం ఎవరి చెవిన పడ్డది? పిల్లలు పత్తి ఏరబోయిండ్రు, పశువుల వెంట పోయిండ్రు. మధ్యాహ్న భోజనం పోయింది. ఆశ్రమ పాఠశాలలో మూడు పూటలా తిన్న పిల్ల ఇంటికొచ్చి ఒక పూట తిన్నది. కొందరు ఆడపిల్లలు మళ్లీ బడి మొహం చూడలేదు.

నిరుద్యోగుల కోపం ఇంకొకటి. 2017లో టీచరు పోస్టుల నోటిఫికేషన్ వచ్చినంక మళ్లీ 2023 దాకా రాలేదు. ఆ నడుమనే రిటైర్మెంట్ వయసు మూడేండ్లు పెరిగింది. తండాలో బీఈడీ చేసి కూసున్న పిల్లవాడికి ఆ వార్త ఎట్ల వినబడి ఉంటదో ఊహించుకోవచ్చు.

కాబట్టి "మా పిల్లల చదువు పోయింది", "మాకు ఉద్యోగం రాలేదు" అనే మాటలు కడుపుమంట కావు. అవి దుఃఖం. దుఃఖానికి కారణం ఉంటదని, ఆ కారణాన్ని వెతకాలని మనకు మొదట చెప్పింది బుద్ధుడే. అయితే ఆ వెతుకులాటలోనే మనం దారి తప్పుతున్నం.

మెట్ల మీది సమాజం

కులం గురించి బాబాసాహెబ్ చెప్పిన ఒక సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఈ దేశంలో ఉన్నది మామూలు అసమానత కాదు, మెట్ల అసమానత. ప్రతివాడికీ పైన ఒకడుంటాడు, కింద ఒకడుంటాడు. అందుకే అందరూ కలిసి ఆ నిచ్చెనను పడగొట్టరు. ఒక్క మెట్టు పైనున్నవాణ్ని చూసి మండుతారు, ఒక్క మెట్టు కిందున్నవాణ్ని చూసి తృప్తి పడతారు. కులం చేసింది పని పంచడం కాదు, పనిచేసేవాళ్లను విడదీయడం అని 1936లోనే ఆయన రాశారు.

ఇప్పుడు బడిని చూడండి. రెగ్యులర్ టీచరు, కాంట్రాక్టు టీచరు, విద్యా వలంటీరు, ప్రైవేటు టీచరు, నెలకు 1,000 రూపాయల మీద పిల్లలకు వండిపెట్టిన అక్క, బడి ఊడ్చే మనిషి. ఒకే కప్పు కింద ఇన్ని మెట్లు. అందరి చూపూ ఒక్క మెట్టు పైకే. ఈ మెట్లు కట్టినవాళ్లు ఎక్కడున్నారని చూసే కన్ను లేదు.

సక్కపన్హ సుత్తంలో ఒక ప్రశ్న ఉంది. మనుషులందరూ వైరం లేకుండా బతకాలనే కోరుకుంటారు గదా, మరి వైరంలోనే ఎందుకు బతుకుతున్నారు అని. కథలో అడిగింది శక్రుడు. ఆ కథనట్లుంచి, జవాబు మాత్రం పట్టుకుందాం. ఇస్సా, మచ్ఛరియ – ఈ రెండు కట్లే కారణమన్నాడు బుద్ధుడు. ఇస్సా అంటే ఎదుటివానికి ఉన్నదని ఏడవడం. మచ్ఛరియ అంటే నాకున్నది ఎదుటివానికి రావద్దనుకోవడం. మొదటిది జీతం లేనివాళ్లను పట్టుకుంటది. రెండోది జీతం ఉన్నవాళ్లను పట్టుకుంటది. రెండూ ఒకే తాడుకు రెండు కొసలు.

మరి న్యాయమైన కోపాన్ని, ఇస్సాను వేరు చేసేదెట్ల? మనసును ఒక్క ప్రశ్న అడిగితే చాలు: నా కోపం పైవాడు పడితే చల్లారుతదా, కిందివాడు లేస్తే చల్లారుతదా?

సార్ల జీతం సగం కోసిన ఆ మూడు నెలల్లో విద్యా వలంటీరుకు ఒక్క రూపాయి ఎక్కువ వచ్చిందా? వంట చేసే అక్కకు వచ్చిందా? కూలీ ఇంటికి మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500 రూపాయలు అన్నారు. ఆ కోత చూపించి ఆ 1,500ను 3,000 చేశారా? చెయ్యలేదు. సారు పడ్డాడు, మనం లేవలేదు. అయినా "మంచిగైంది" అనుకున్నవాళ్లు ఉన్నారు. ఆ "మంచిగైంది" అన్నదే ఇస్సా.

జీతం, వెట్టి, దొంగతనం

జీతం అనే మాట మన తాతలకు వేరే అర్థంలో తెలుసు. దొర దగ్గర ఏడాదికి కుదిరినవాణ్ని జీతగాడు అన్నారు. జ్వరమొచ్చి పండుకుంటే ఆ రోజులు లెక్కగట్టి, వాటికి బదులు ఇంకా ఎక్కువ రోజులు చేయించుకున్నారు. ఇంకా కిందివాళ్లతో వెట్టి చేయించుకున్నారు. రోగమొచ్చినా, వానొచ్చినా, పని ఆగితే కూడు ఆగాలె – ఇది దొర నీతి.

"పని లేదు గదా, జీతమెందుకు" అన్నప్పుడు మన నోట్లోంచి వస్తున్నది ఆ దొర మాటే.

బుద్ధుని నీతి అది కాదు. సిగాలోవాద సుత్తంలో పని చేయించుకునేవాని బాధ్యతలు ఐదు చెప్పాడు: శక్తికి తగ్గ పని ఇవ్వాలి, తిండీ జీతమూ ఇవ్వాలి, రోగమొస్తే చూసుకోవాలి, మంచి తిండి ఉంటే పంచుకోవాలి, సమయానికి సెలవు ఇవ్వాలి. రెండున్నర వేల ఏండ్ల కిందటే రోగంలో చూసుకోవడం, సెలవు ఇవ్వడం కూడా జీతంతో సమానంగా లెక్కలోకి వచ్చినయి.

"మరి కూలీకి ఎవరిచ్చిన్రు?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు కూటదంత సుత్తంలో ఉంది. రాజ్యం బాగుపడాలంటే రాజు ఏం చెయ్యాలి? వ్యవసాయం చేసేవానికి విత్తనం ఇవ్వాలి, వ్యాపారం చేసేవానికి పెట్టుబడి ఇవ్వాలి, కొలువు చేసేవానికి తిండీ జీతమూ ఇవ్వాలి. ముగ్గురికీ ఇవ్వాలన్నాడు. ఒకని నోటికాడిది గుంజి ఇంకొకనికి పెట్టమనలేదు. మనకు కావలసింది సారుకు కోత కాదు. సారుకు ఉన్న భద్రత కూలీకి, వలంటీరుకు, వంట అక్కకు రావడం.

బడికి రమ్మనే హక్కు ఎవరిది?

"సఫాయి కార్మికులు ఒక్క రోజు ఆగలేదు, సార్లకేం ప్రాణం తీపా?" అన్నారు కొందరు. ఇది గట్టి ప్రశ్న. ఆ సఫాయి పని చేసింది ఎక్కువగా మన కులాలవాళ్లే. వాళ్లను ఎవరూ రమ్మని అడగలేదు, ఎందుకంటే వాళ్లను ఎవరూ పొమ్మనలేదు. కాని ఒకరి ప్రాణాన్ని చవక చేసి, ఆ చవక ధరతోనే అందరి ప్రాణాన్నీ కొలుస్తామంటే అది సమానత్వం కాదు. మాస్కు, గ్లౌజు, బీమా, మంచి జీతం సఫాయి కార్మికునికి ఇయ్యమని అడగడమే సమానత్వం.

ప్లేగు వచ్చినప్పుడు సావిత్రిబాయి ఫూలే రోగుల మధ్యలోకి పోయింది. వాళ్లకు సేవ చేస్తూ అదే ప్లేగుతో 1897 మార్చి 10న కన్నుమూసింది. ఆమె టీచరే. ఆమెను ఎవరూ జీవో ఇచ్చి పంపలేదు. తానై ఇస్తే అది దానం. మెడ మీద కూసుండి తీసుకుంటే అది వెట్టి. 2021 ఏప్రిల్‌లో నాగార్జునసాగర్ ఉప ఎన్నిక డ్యూటీకి పోయిన టీచర్లలో కొందరు కరోనాతో చనిపోయారని ఉపాధ్యాయ సంఘాలు చెప్పినయి. పిల్లలకు ప్రమాదమని బడి మూసినోళ్లే టీచర్లను పోలింగ్ బూతుకు పంపిన్రు. అప్పుడు మనం ఎందుకు అడగలేదు?

పిల్లల సంగతి కూడా అంతే. 2021 సెప్టెంబరు 1న బడులు తెరవడానికి ఒక రోజు ముందు హైకోర్టు, ఏ పిల్లవాణ్నీ బలవంతంగా రప్పించొద్దన్నది, గురుకులాలు ఇప్పుడే తెరవొద్దన్నది. గురుకులాల్లో ఉన్నది మన పిల్లలే. వాళ్ల ప్రాణం ముఖ్యం. వాళ్ల చదువూ ముఖ్యమే. ఈ రెండూ కాపాడే ఏర్పాటు అడగవలసింది సర్కారును. అయితే మనం సర్కారును అడగలేదు, సారును తిట్టినం.

జీతం తీసుకునేవాళ్లకు

టీచర్లైన ఉపాసకులారా, ఈ మాట మీకు.

ఇన్‌ఫ్లుయెంజా బొంబాయిని కుదిపేసిన 1918లోనే, నవంబరులో, బాబాసాహెబ్ సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరారు. జీతం 450 రూపాయలు. అందులో మిగుల్చుకుని 1920లో లండన్ చదువుకు తిరిగి పోయారు. ఆ చదువు ఆయన ఒక్కరిదిగా మిగల్లేదు, మన అందరిదీ అయింది. టీచరు జీతానికి అంత శక్తి ఉంది. మన వాడల్లో మొదటి నెలజీతం చాలా ఇండ్లకు టీచరు ఉద్యోగంతోనే వచ్చింది.

కాని అదే బాబాసాహెబ్ 1956 మార్చి 18న ఆగ్రాలో, చదువుకున్నవాళ్లు కొలువులు దొరకగానే తమ పొట్ట తాము చూసుకున్నారని బాధపడ్డారు. ఆ బాధ ఇంకా తీరలేదు. పిల్లవానికి ఇవ్వవలసిన పాఠం ఇవ్వకుండా జీతం తీసుకుంటే, ఇవ్వనిదాన్ని తీసుకోను అనే శీలం పోయినట్టే. ఇచ్చిన పనికి జీతం ఆపినవానిదీ అదే దోషం. సిగాలోవాదంలో గురువు పనులు కూడా ఉన్నయి: బాగా అర్థమయ్యేటట్టు చెప్పాలి, తెలిసిన విద్యను దాచుకోవద్దు, శిష్యునికి అన్ని వైపులా రక్షణ కావాలి. కరోనా కాలంలో వర్క్‌షీట్లు పట్టుకుని గూడేలకు నడిచిపోయి, చెట్టు కింద నలుగురు పిల్లలను దూరందూరం కూసోబెట్టి చెప్పిన టీచర్లూ ఉన్నారు. వాళ్లను చూసి ఏ తల్లీ "ఉత్తగ తిన్నరు" అనలేదు.

మీ సంఘాలు ఫిట్‌మెంట్ అడగడం తప్పు కాదు. అడిగే కాగితంలో వలంటీరు, వంట అక్క, ఊడ్చే మనిషి లేకపోవడం మచ్ఛరియ.

మనం చెయ్యవలసినవి

ఒకటి. "ఉత్తగ తిన్నరు" అనే ముందు ఏ సారు, ఏ బడి, ఏ నెల అని అడుగుదాం. బడికి రాని టీచరు ఉంటే స్కూల్ కమిటీలో పేరు పెట్టి అడుగుదాం. అందరినీ కలిపి అంటే అది అబద్ధం. అబద్ధం ఆడనన్నది కూడా మన శీలమే.

రెండు. ఇస్సాకు మందు ముదిత. ఎదుటివాని మేలుకు సంతోషపడడం. ఒక ఇంట్ల జీతం వస్తే, ఆ భద్రత మన ఇంటికీ రావాలని కోరుకుందాం. అది పోవాలని కోరుకోవద్దు.

మూడు. జీతం వచ్చేవాళ్లూ, రానివాళ్లూ ఒకే విహారంలో కూసుంటున్నం. కరోనాలో చదువు ఆగిన పిల్లలు మన వాడలో ఎవరో లెక్క తీద్దాం. వాళ్లల్ల ఇంకా చదవదలచినవాళ్లకు ఓపెన్ స్కూల్ ఫీజు టీచర్లు కట్టాలె, సాయంత్రం పాఠం చదువుకున్న యువకులు చెప్పాలె, పిల్లను పనికి పంపకుండ తల్లిదండ్రులు నిలబడాలె.

ఇంకో రోగం వస్తది. అప్పుడు మళ్లీ బడులు మూస్తారు, మళ్లీ ఒకరికి జీతం, ఒకరికి బియ్యం అంటారు. ఆ రోజు మనం ఒకరి మెట్టు ఒకరు చూసుకుంటూ మండుతమా, అందరం కలిసి ఆ నిచ్చెన కాడికి నడుస్తమా అన్నది ఇప్పటి మన సాధన మీదనే ఉంటది.

జై భీమ్! నమో బుద్ధాయ!