మందుడెవ్వడు?

పాఠశాలలలో తరతరములుగా వినవచ్చు మాట యొకటి కలదు. పాఠము పట్టుబడని విద్యార్థిని చూపి "వీడు మందుడు" అందురు. ఆ మాటతో విచారణ ముగియును. గురువు తరువాతి విద్యార్థి వైపు తిరుగును. శాస్త్రములయందు ఉత్తమ, మధ్యమ, మందాధికారి భేదము చెప్పబడిన మాట నిజమే. కాని ఆ భేదము ఎందులకు చెప్పబడినది? శిష్యుని వాకిట నిలుపుటకా, లేక గురువు తన బోధనాక్రమమును మార్చుకొనుటకా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకక మందుడను మాటను వాడుట ధర్మము కాదు.

కార్యము ఒక్క కారణముచేత పుట్టదనియు, కారణసామగ్రి యంతయు కూడినపుడే పుట్టుననియు తార్కికుల సిద్ధాంతము. కుండ సిద్ధము కానిచో మట్టినొక్కదానినే నిందింపరాదు. చక్రము తిరిగెనా, దండము కలదా, కులాలుడు చేయి వేసెనా అని చూడవలెను. శాబ్దబోధకు సైతము ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలెనని తర్కసంగ్రహము చెప్పుచున్నది. జాముకొక పదము చొప్పున విడదీసి పలికినచో వాక్యార్థము తెలియకపోవుటను అందులో ఉదాహరణముగా చూపిరి. ఆ దోషము విన్నవానిది కాదు, పలికినవానిది. ఆ గ్రంథకర్త అన్నంభట్టు ఆంధ్రుడని ప్రసిద్ధి. బాలురకు సుఖముగా బోధపడుటకే తాను వ్రాయుచున్నానని ఆయన మంగళశ్లోకమునందే ప్రతిజ్ఞ చేసెను. అంతటితో ఊరకుండక, దానికి తానే దీపిక యను వ్యాఖ్యను కూడ వ్రాసెను. మహాపండితుడు పిల్లలకొరకు చిన్న పుస్తకము వ్రాయుట చిన్నతనమని ఆ కాలమున ఎవరును తలచినట్లు లేదు.

ఇక ఉపనిషత్తు వైపు చూతము. ఛాందోగ్యము ఆరవ అధ్యాయమున ఉద్దాలకుడు తన కుమారుడగు శ్వేతకేతువునకు ఉపదేశించిన ఘట్టము సుప్రసిద్ధము. ఆ కుమారుడు మందుడు కాడు. 12వ యేట గురుకులమునకేగి, 24వ యేట వేదములన్నియు చదివి, కొంత గర్వముతోనే తిరిగివచ్చినవాడు. అట్టివానికి తండ్రి ఒకే తత్త్వమును తొమ్మిది పర్యాయములు చెప్పవలసివచ్చెను. ప్రతిమారును కుమారుడు మరల బోధింపుమని కోరుటయు, తండ్రి యట్లే యని అంగీకరించుటయు కానవచ్చును. "ఇంతవరకు చెప్పినది తలకెక్కలేదా?" అను మాట ఆ తండ్రి నోట ఒక్కమారైనను రాలేదు. మహావాక్యమును గూర్చి భాష్యములు వ్రాసినవారు పెక్కుమంది. ఆ తండ్రి ఓర్పును గూర్చి వ్రాసినవారు తక్కువ.

ఆ తొమ్మిది పర్యాయములందును ఆయన ఒకే దృష్టాంతమును వల్లించలేదు. తేనెటీగలు కూర్చిన తేనె, సముద్రమున కలియు నదులు, నరికినను జీవించు వృక్షము, కన్నులకు గంతలు కట్టి గాంధారదేశమునుండి తేబడిన పురుషుడు, ఇట్లు దృష్టాంతము మారుచునే యుండెను. మఱ్ఱిపండు తెచ్చి చేతితో చీల్చి చూడుమనెను. ఉప్పును రాత్రి నీటిలో వేయించి, మఱునాడుదయమున దానిని తీసి యిమ్మనెను. కుమారుడు వెదకెను, కానరాలేదు. అపుడు పైభాగమునుండి, నడుమనుండి, అడుగునుండి రుచి చూడుమనెను. కంటికి అందని ఉప్పు నాలుకకు అందెను. అంతకుముందే పదునైదు దినములు అన్నము మాన్పించి, వేదము స్ఫురింపకపోవుటను అతని యనుభవముననే తెలిపెను. కన్ను, చేయి, నాలుక, ఆకలి గొన్న కడుపు ఇవన్నియు ఆ తండ్రి చేతిలో బోధనోపకరణములైనవి. ఒక ద్వారము మూసియున్నచో ఇంకొక ద్వారమున ప్రవేశింపవలెనను నేటి విద్యావేత్తల మాట ఇంతకంటె వేఱుగా లేదు.

సులభము చేసిన విద్య చులకన యగునను శంక పండితులలో ఎప్పుడును కలదు. దీనికి శాతవాహన రాజు కథ చక్కని నిదర్శనము. కథాసరిత్సాగరమున ఆ కథ ఇట్లున్నది. జలక్రీడలలో రాణి తనను ఉదకములతో కొట్టవలదని సంస్కృతమున పలుకగా, రాజు సంధిని విడదీయలేక మోదకములు, అనగా కుడుములు, తెప్పించెను. రాణి నవ్వెను. రాజు అవమానముతో మంచము పట్టెను. వ్యాకరణము నేర్చుటకు 12 ఏండ్లు పట్టుననియు, తాను ఆరేండ్లలో నేర్పెదననియు గుణాఢ్యుడు చెప్పెను. ఆరు నెలలు చాలునని శర్వవర్మ పలికెను. అట్లు జరిగినచో సంస్కృత ప్రాకృత దేశభాషలు మూడింటిని విడిచెదనని గుణాఢ్యుడు పంతము వేసి, ఓడిపోయెను. కుమారస్వామి యనుగ్రహమున శర్వవర్మకు లభించినదిగా చెప్పు ఆ వ్యాకరణమే కాతంత్రము.

కథ యెట్లున్నను గ్రంథము సత్యము. పాణిని సూత్రములు సుమారు నాలుగు వేలు. అవి లాఘవమునకై అల్లినవి గాన, ఒకచోటి మాట తెలియుటకు పదిచోట్ల చూడవలసివచ్చును. కాతంత్రకారుడు చాలవఱకు ప్రత్యాహారములను విడిచి, స్వరము, వ్యంజనము అను వాడుకమాటలనే గైకొనెను. వైదిక ప్రక్రియను వదలి, సంధి, నామము, ఆఖ్యాతము అని ప్రకరణములుగా అమర్చెను. పాణినీయులు కొందఱు దీనిని తేలికగా చూచిరి. కాని ఆ పుస్తకము వంగదేశమునందును కాశ్మీరమునందును శతాబ్దములు పాఠ్యమై నిలిచెను. టిబెట్టు భాషలోనికి కూడ పోయెను. రాజు సిగ్గుపడినందున పుట్టిన పుస్తకము రాజులు కాని వేలమందికి అన్నము పెట్టినది.

పాణినీయ సంప్రదాయమునందును ఈ పని జరిగినది. భట్టోజిదీక్షితుల శిష్యుడైన వరదరాజు గురువుగారి సిద్ధాంతకౌముదినుండి లఘుకౌముదిని కూర్చెను. అందులోని సూత్రములు సుమారు 1270. ఆయన పాణిని సూత్రములోని ఒక్క అక్షరమును మార్చలేదు. ఏది ముందు, ఏది వెనుక, ఏది ప్రస్తుతము వలదు అని మాత్రమే నిర్ణయించెను. మార్గమును సుగమము చేయుట యనగా ఇదియే. గమ్యమును దగ్గరకు లాగి, ఇదే గమ్యమని చూపుట వేఱు. పరీక్షలకు ముందు అంగళ్లలో దొరకు ప్రశ్నోత్తరముల గైడులు ఈ రెండవ జాతికి చెందినవి. అవి బలహీనునికి చేసిన సహాయమువలె కానవచ్చును. నిజమునకు బలహీనునికి రావలసిన విద్యను అవి హరించుచున్నవి. లఘుకౌముది చదివినవాడు సిద్ధాంతకౌముదికి పోగలడు. గైడు చదివినవాడు పోవలసిన చోటు లేదు.

ఇప్పుడు మందుడను మాటను మరల పరీక్షింపవలెను. వేదపాఠశాలలో గురువు ఒకమారు చెప్పగా శిష్యులు రెండుమారులు చెప్పుదురు. సంథ యనగా అదియే. పదము, క్రమము, జట, ఘనము అని ఒకే వాక్యమును ముందు వెనుకలుగా త్రిప్పి పలికింతురు. శుక్లయజుర్వేదీయులు స్వరమును చేతితో కూడ చూపుదురు. చెవి, నాలుక, చేయి మూడును కలిసి పాఠమును మోయుచున్నవి. ఇట్టిచోట అక్షరములు చూచినంతనే తడబడు బాలుడు నిరాటంకముగా చదువుకొనును. వానినే అచ్చుపుస్తకముల బడిలో వేసినచో, ఒత్తులు, గుణింతములు కలగాపులగమై, సోమరి యను పేరును, దెబ్బలును తినును. అట్లే, నత్తి గల బాలుడు వేదపాఠశాలలో మందుడనిపించుకొని, వ్రాతబడిలో ఉత్తముడగును. బాలుడు మారలేదు, ఉపాయము మారినది. ఒక ఉపాయము ఉండగా ఉండి, మఱియొక ఉపాయము ఉండగా లేకపోవు మందత్వము బాలుని స్వభావమని చెప్పుటకు ఏ అన్వయవ్యతిరేకములు అంగీకరించును?

చూపులేనివారి విషయమున మన శ్రుతిసంప్రదాయము గర్వింపదగినది. స్వామి రామభద్రాచార్యులు 1950లో జన్మించి, రెండు నెలల ప్రాయముననే చూపు కోల్పోయి, విని నేర్చిన విద్యతోనే వ్యాకరణమున ఆచార్యులైరి. 2001లో చిత్రకూటమున వికలాంగులకై విశ్వవిద్యాలయమును స్థాపించిరి. 2023వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము వారికి లభించినది. కాని విన్నదానినెల్ల ధారణ చేయగల శక్తి అందఱికి ఉండదు. ఒంటరిగా కూర్చుండి, సందేహము వచ్చినచోట ఆగి, మరల చదువుకొను స్వాతంత్ర్యము చూపులేనివానికి కూడ కావలెను.

ఆ స్వాతంత్ర్యమును ఫ్రాన్సు దేశమున లూయీ బ్రెయిలీ అను బాలుడు ఆరు చుక్కలతో సాధించెను. 1824 నాటికి అతని వయసు 15 ఏండ్లు. మన దేశమున 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడినది. దీనియందు సంస్కృతజ్ఞులు గమనింపవలసిన విశేషము కలదు. లిపి ఏదైనను ధ్వని ఒక్కటే గాన, తెలుగు కకారమునకును నాగరి కకారమునకును ఒకే చుక్కలు నిర్ణయింపబడినవి. కావున ఈ లిపి నేర్చిన తెలుగు బాలునికి సంస్కృతమునకై కొత్త లిపి నేర్చు శ్రమ లేదు. గుణింతము కూడ అక్షరము నెత్తిన, ప్రక్కన వ్రేలాడదు. హల్లు తరువాత అచ్చు, పలికిన వరుసలోనే వచ్చును. మన అచ్చుపుస్తకముకంటె ఇది శిక్షాశాస్త్రపు వర్ణక్రమమునకు దగ్గరగా ఉన్నది! పుస్తకములను ఇట్లు మార్చుటకు ప్రచురణహక్కులు అడ్డుగాకుండ 2013లో మరాకేష్ నగరమున అంతర్జాతీయ ఒప్పందము కుదిరినది. దానిని మొట్టమొదట ధ్రువీకరించిన దేశము భారతదేశము. ఇది 2014 నాటి మాట.

బధిరుల విషయమున మాత్రము ఈ గర్వమునకు చోటు లేదు. చెవియే ద్వారమైన విద్యలో చెవి లేనివానికి ద్వారమే లేదు. స్మృతికారులు పుట్టుగ్రుడ్డికిని, చెవిటివానికిని, మూగవానికిని దాయభాగము లేదనిరి. అన్నవస్త్రములు మాత్రము ఇయ్యవలెననిరి. పోషణను విధించుట ఆ కాలమునకు దయయే కావచ్చును. కాని కడుపునకు పెట్టి, బుద్ధిని పస్తుంచుట దయ యొక్క సగభాగము మాత్రమే. వేదాంతశాస్త్రమున అధికారికి చెప్పిన సాధనచతుష్టయమునందు వివేకము, వైరాగ్యము, శమాదులు, ముముక్షుత్వము కలవు గాని, వినికిడి శక్తి లేదు, చురుకైన జ్ఞాపకశక్తి లేదు. ఆచార్యులు కోరని యోగ్యతను తరువాతివారు తలుపునకు తాళముగా వేసిరి.

బధిరులకు సంజ్ఞాభాష కలదు. అది చేతులతో చేయు అభినయమనుకొనుట పొరపాటు. నాట్యశాస్త్రమున చెప్పిన 24 అసంయుత హస్తములను ఎఱిగినవారు సైతము దానిని చూచి అర్థము చేసికొనలేరు. దానికి తన వ్యాకరణము తనకు కలదు. భారతీయ సంజ్ఞాభాషకై 2015లో ఢిల్లీలో కేంద్రము నెలకొల్పబడినది. పాఠ్యపుస్తకములను ఆ భాషలోనికి మార్చుటకు 2020లో జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలితో ఒడంబడిక జరిగినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, అక్షరములు చూచి తడబడుటవంటి అభ్యసన లోపములను కూడ అందులో చేర్చినది. స్మృతి నిరాకరించిన భాగమును చట్టము ఇప్పించుచున్నది. పండితులు దీనిని చూచి చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు.

ఇక మిగిలినది ఉపాధ్యాయుల న్యాయమైన ఆక్షేపము. నలుబదిమంది యున్న తరగతిలో ఒక్కనికొరకు ఆగినచో మిగిలినవారి గతి యేమి? ఈ ఆక్షేపము శంకరభగవత్పాదుల ఎదుటనే వచ్చినదని మాధవీయ శంకరవిజయము చెప్పుచున్నది. గిరి యను శిష్యుడు చదువున వెనుకబడినవాడు, గురుశుశ్రూషలో ముందుండువాడు. ఒకనాడతడు బట్టలుతుక నదికేగి రాలేదు. శాంతిపాఠమునకు శిష్యులు సిద్ధమైరి. గురువు ఆరంభింపలేదు. పద్మపాదుడు గోడను చూపెను. గిరికి చెప్పుటయు దీనికి చెప్పుటయు ఒక్కటే యని అతని భావము. పిమ్మట గిరి తోటకవృత్తములతో స్తుతించుచు వచ్చుట, తోటకాచార్యుడగుట అందఱు ఎఱిగినదే. కథకులు అనుగ్రహముననే నిలుతురు. అనుగ్రహమునకు ముందు గురువు వేచియుండెను. నేర్పరులైన శిష్యులు ఆ కొంతసేపు ఊరక కూర్చుండవలసివచ్చెను. ఆ నష్టమును ఆచార్యులు తెలిసియే అంగీకరించిరి.

నిజమునకు నష్టము అనుకొన్నంత ఉండదు. దేవాలయపు మెట్ల ప్రక్కన చక్రముల కుర్చీకై కట్టిన వాలుబాటపై ముదుసలులు నడుతురు, చంకలో బిడ్డ నున్న తల్లులు నడుతురు. చూపులేని ఒక్కనికొరకు నల్లబల్లపై వ్రాసినదానిని పైకి చదివినచో, చివరి బల్లపై కూర్చున్నవానికిని ఉచ్చారణ పట్టుబడును. సంధిలో మారిన వర్ణమును ఎఱ్ఱసుద్దతో వ్రాయుటయు, రేపటి పాఠమును ఈనాడే చెప్పుటయు, నత్తిగలవానినుండి వ్రాతగాను, వ్రాయలేనివానినుండి నోటగాను సమాధానము గైకొనుటయు ధనముతో పనిలేనివి. నల్లబల్ల వైపు తిరిగి వ్రాయుచు చెప్పిన మాట పెదవులను చూచి గ్రహించు బాలునికి అందదు. ముందు వ్రాసి, పిమ్మట పిల్లల వైపు తిరిగి, ముఖముపై వెలుతురు పడునట్లు నిలిచి చెప్పవలెను.