అనూబియాస్‌కు మట్టి వద్దు

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ఇళ్ళలో చేపల తొట్టికి దొరికేది ఎక్కువగా బోరు నీళ్ళే, ఉప్పులు నిండిన గట్టి నీళ్ళు. వాటిలోనూ నిలదొక్కుకునే మొక్క అనూబియాస్. పశ్చిమ ఆఫ్రికా వాగుల్లో ఇది రాళ్ళనూ మొద్దులనూ పట్టుకుని పెరుగుతుంది. ఆకులూ వేర్లూ పుట్టేది పసుపు కొమ్ములాంటి అడ్డకాండం నుంచే. దాన్ని ఇసుకలో పూడిస్తే మెత్తబడి కుళ్ళిపోతుంది. నూలు దారంతో రాయికి కట్టండి, తర్వాత వేర్లే పట్టుకుంటాయి. నెలకు ఒకటి రెండు ఆకులేనా, లైటు పెంచితే పోలేదా అంటారు కొందరు. పెంచితే బాగుపడేది పాచి. ఈ ఆకు ఏళ్ళ తరబడి ఉండేది కనుక, దాని అంచున నల్లగా పట్టిన పాచి తుడిచినా ఒక పట్టాన వదలదు. మరి ఎరువో? చేపల విసర్జనలోని నత్రజని చాలావరకు సరిపోతుంది. ఇక గట్టి నీళ్ళ సంగతి: నీళ్ళు ఆవిరైనా ఉప్పులు తొట్టిలోనే మిగిలిపోతాయి. అందుకే తగ్గినంత మేర పట్టి ఉంచిన వాననీళ్ళు పోయడం మేలు.