తలరాతా? చేతిరాతా?



ఇల్లిల్లూ తిరిగే విచారణ గురువుకు మా తిరువూరు ప్రాంతంలో తరచుగా వినవచ్చే మాట ఒకటుంది: "అంతా మా తలరాత, ఫాదర్!" మామిడి పూత రాలిపోతే తలరాత. పత్తి ధర పడిపోతే తలరాత. భర్త తాగి వచ్చి కొడితే తలరాత, కూతురి కాపురం నిలవకపోతే తలరాత. ఆదివారం దివ్యసత్ప్రసాదం స్వీకరించిన నోటితోనే సోమవారం ఈ మాట అంటాము. దేవాలయంలో పెండ్లి ప్రకటనలు చదివించుకొని, చాటుగా జాతకాలు చూపించుకొని, ముహూర్తానికి సరిపడేలా పూజవేళ మార్చమని అడిగేవారూ లేకపోలేదు.

ఈ తలరాత భయం మనకు మాత్రమే ఉన్నది కాదు. పెద్ద సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో మేము గ్రీకుల విషాద నాటకాలు చదివాము. వాటిలో పేరుపడినది, క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్స్ నగరంలో సోఫోక్లీస్ రాసిన 'ఈడిపస్ రాజు'. విధి అనగానే పండితులు ముందుగా చెప్పేది ఈ కథనే. తెలియనివారి కోసం కాస్త వివరంగా చెబుతాను.

మన ఊళ్లలో సోది అడిగినట్లే గ్రీకులు డెల్ఫీ అనే చోట అపొల్లో గుడిలో భవిష్యత్తు అడిగేవారు. కొడుకు చేతిలో నీకు చావు ఉన్నదని అక్కడి వాక్కు థీబ్స్ రాజు లాయస్‌కు చెప్పింది. రాజు బెదిరిపోయాడు. పుట్టిన బిడ్డ పాదాలు గుచ్చి కట్టించి, కొండమీద పారవేయమని కాపరికి అప్పగించారు. ఆ కాపరికి జాలి కలిగి మరొక కాపరికి ఇచ్చాడు. అలా ఆ బిడ్డ కొరింతు రాజు ఇంట పెరిగాడు. (పునీత పౌలుగారు లేఖలు రాసిన కొరింతు నగరమే అది.) ఆ బిడ్డే ఈడిపస్. పెద్దవాడయ్యాక ఒక విందులో తాగినవాడొకడు, నీవు ఈ తండ్రికి పుట్టలేదన్నాడు. సంగతి తేల్చుకుందామని డెల్ఫీకి పోతే అడిగినదానికి జవాబు రాలేదు. తండ్రిని చంపుతావు, తల్లిని పెండ్లాడతావు అన్న మాట మాత్రం వచ్చింది. భయపడి కొరింతుకు తిరిగి పోలేదు. మూడు దారులు కలిసేచోట బండిమీద వస్తున్న ఒక ముసలాయన అతని నెత్తిన ములుగర్రతో కొట్టాడు. ఈడిపస్ కోపం పట్టలేక ఆయనను చంపాడు, వెంట ఉన్నవారిమీదా పడ్డాడు. తరువాత థీబ్స్‌ను పీడిస్తున్న రాక్షసి పొడుపుకథ విప్పి, అక్కడ రాజై, విధవరాలైన రాణిని పెండ్లాడాడు. ఏండ్లు గడిచాక ఊరిలో తెగులు పుట్టింది. పాత రాజును చంపినవానిని వెలివేస్తేగాని తెగులు పోదని డెల్ఫీ వాక్కు. ఆ హంతకుని వెదకడానికి పూనుకున్నది ఈడిపసే.

ఇది పూర్తిగా విధి కథ అంటే నేను ఒప్పుకోను. చంపుతావని డెల్ఫీ చెప్పింది గాని చంపమని ఆజ్ఞాపించలేదు. తన తండ్రి ఎవరో అనుమానంలో ఉన్నవాడు, తండ్రి వయసున్న మనిషిమీద చేయెత్తే ముందు ఒక్క క్షణం ఆగవచ్చు గదా! ఆ కోపం ఏ దేవత ఇచ్చినదీ కాదు. పసిబిడ్డను కొండకు పంపిన భయమూ అంతే. నిజానికి ఈ కథలో ఎక్కువ పని చేసింది విధికన్నా భయమే. జాతకాల వెంట తిరిగే తల్లిదండ్రులు ఈ సంగతి ఆలోచించాలి.

మరొక విషయం. ఈడిపస్ గొప్పతనం కూడా ఏ సోదిలోనూ లేదు. వెదకవద్దని గుడ్డి ప్రవక్త వారించాడు, రాణి బ్రతిమాలింది, ముసలి కాపరి ప్రాధేయపడ్డాడు. అయినా నిజం తేలేదాకా అతడు ఆగలేదు. తేలిన తరువాత తన కండ్లు తానే పొడుచుకున్నాడు. ఏ దేవత నీచేత ఈ పని చేయించాడని ఊరి పెద్దలు అడిగితే, కష్టాలు అపొల్లోవల్ల వచ్చినా పొడిచిన చేయి మాత్రం తనదేనని చెప్పాడు. మన సత్యదేవుని ఎరుగని నాటకకర్త రాసిన మాట ఇది! తలరాత అని తప్పించుకోవడానికి అతనికన్నా ఎక్కువ హక్కు ఎవరికుంది?

మన భారతంలో కర్ణుడూ ఇటువంటివాడే. పుట్టగానే పెట్టెలో పెట్టి నీటిలో వదిలివేయబడ్డవాడు. కాని ఈడిపస్ చేసిన తరువాత తెలుసుకున్నాడు. కర్ణునికి యుద్ధానికి ముందే కృష్ణుడు జన్మరహస్యం చెప్పాడు. తెలిసి కూడా అతడు దుర్యోధనుని పక్షమే కోరుకున్నాడు. అది స్నేహధర్మమా, పొరపాటా అని మన పల్లెల్లో అరుగులమీద ఇప్పటికీ వాదించుకుంటారు. కోరుకునే వీలే లేనివాని గురించి ఎవరైనా వాదిస్తారా?

ఇటువంటి వీరుల పతనానికి కారణమైన పొరపాటును గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ 'హమర్తియ' అన్నాడు. విలుకాని బాణం గురి తప్పడం అని ఆ మాటకు మొదటి అర్థం. నూతన నిబంధన గ్రీకు మూలంలో 'పాపం' అన్న చోట ఉన్న మాట ఇదే. దివ్యపూజలో లోక పాపములను పరిహరించు గొఱ్ఱెపిల్ల అని మనం పలికే ప్రార్థనకు మూలమైన యోహాను సువార్త వాక్యంలోనూ ఇదే మాట ఉంది. గురి తప్పిందంటే, గురి ఒకటి ఉందనీ, విల్లు మన చేతిలోనే ఉందనీ అర్థం గదా.

మరి దేవునికి అంతా ముందే తెలుసు గదా, ఇక మన స్వేచ్ఛ ఎక్కడ అని యువకులు అడుగుతారు. మంచి ప్రశ్నే. 6వ శతాబ్దంలో చెరసాలలో మరణశిక్షకు ఎదురుచూస్తూ బొయెతియస్ అనే క్రైస్తవ పండితుడు దీనికి జవాబు రాశాడు. నడుస్తున్న మనిషిని నీవు చూస్తున్నంత మాత్రాన నీ చూపు అతన్ని నడిపించదు. దేవునికి నిన్న, రేపు లేవు. అన్ని కాలాలూ ఆయన ఎదుటే ఉన్నాయి. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశమూ, దైవసంకల్పంలో ప్రతి మనిషి స్వేచ్ఛగా ఇచ్చే సమాధానం కూడా ఇమిడి ఉంటుందనే బోధిస్తుంది. సీరా జ్ఞానగ్రంథం 15వ అధ్యాయం తెరచి చూడండి. దేవుడు నీ ముందు నిప్పునూ నీటినీ ఉంచాడు, చేయి దేనికి చాస్తావో నీ ఇష్టం అన్న బోధ అక్కడుంది.

అయితే ఇందులో ఒక ప్రమాదముంది. కష్టంలో ఉన్నవానితో, ఇదంతా నీవు చేసుకున్నదే అనకూడదు. వాన రాకపోవడం రైతు చేతిలో లేదు. పుట్టుగుడ్డివానిని చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసిపుచ్చారు (యోహాను 9). అజ్ఞానం, భయం, బలవంతం, అలవాటు మనిషి బాధ్యతను తగ్గిస్తాయని శ్రీసభ కూడా ఒప్పుకుంటుంది. జరిగినది వేరు, మనం చేసేది వేరు.

తాగుబోతు భర్త చేతిలో దెబ్బలు తినే స్త్రీకి మనం ఏమి చెబుతున్నాము? తలరాత అంటే అన్యుల మాటగా ఉంటుందని, "నీ సిలువ, మోయాలమ్మా" అంటాము. పేరు మారింది గాని విధి అలాగే ఉంది. ప్రభువు సిలువ విధి కాదు. తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోవడం లేదనీ, తానే ధారపోస్తున్నాననీ ఆయన స్పష్టంగా చెప్పారు (యోహాను 10). 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మా, తోటి ఆడవారూ అక్షరదీపం పాఠాలు చదువుకొని సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు, తాగుడు మన ఊళ్లు విడిచి పోలేదు, నిజమే. కాని ఇది మా రాత కాదని ఆ తల్లులు అనగలిగారు.

చివరి రాత్రి భోజనవేళ ప్రభువు ఇద్దరి గురించి ముందే చెప్పారు. ఒకడు అప్పగిస్తాడన్నారు, మరొకడు మూడుసార్లు ఎరుగనని బొంకుతాడన్నారు. రెండూ జరిగాయి. యూదా తన పని అయిపోయిందనుకొని ఉరి తాడు వెదుక్కున్నాడు. పేతురు వెలుపలికి పోయి వెక్కి వెక్కి ఏడ్చాడు, అయినా తోటి శిష్యులను విడిచిపెట్టలేదు. కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున సరస్సు ఒడ్డున బొగ్గుల నిప్పుమీద చేపలు కాలుతున్నాయి. మూడుసార్లు బొంకినవానిని ప్రభువు పక్కన కూర్చోబెట్టుకొని, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగారు.