రెండో సమాధానం

మధ్యాహ్నం వంటిల్లు కడిగేసి, వరండాలో చాప పరుచుకున్నాక ఈ వీధిలో అందరికీ కునుకు పడుతుంది. నాకు మాత్రం చదరంగం బల్ల కావాలి. నవ్వకండి! ఈ వయసులో ఈవిడకి ఇదేం పిచ్చి అని మావారే నవ్వుతారు, మీరు నవ్వితే ఆశ్చర్యమేముంది?

పిచ్చి అంటించింది మా మావగారు. రైల్వేలో పనిచేసి రిటైరై, ఇచ్ఛాపురంలోనే స్థిరపడ్డారాయన. పత్రికల్లో వచ్చే చదరంగం లెక్కలు కత్తిరించి నోటుపుస్తకంలో అంటించేవారు. ‘తెల్లపావులు ముందు కదిపి మూడెత్తుల్లో ఆట కట్టించండి’ - ఇదీ వరస. సమాధానాలు వెనకపేజీలో తలకిందులుగా రాసేవారు, నేను దొంగచూపు చూడకుండా!

ఈ లెక్కల్లో ఓ సుఖం ఉందండీ. ఎంత చిక్కుముడైనా సమాధానం ఉందని ముందే తెలుసు. కందిపప్పు ధరకీ, పిల్ల పెళ్లికీ ఆ హామీ ఎవరిస్తారు చెప్పండి?

అన్నిట్లోకీ నాకు ప్రాణమైన లెక్క ఒకటుంది. ఎదుటి రాజు మూలగడిలో నక్కి ఉంటాడు. మనం మన మంత్రిని తీసుకెళ్లి సరిగ్గా అతని పక్కనే కూచోపెడతాం. ఎంత సాహసమో! వెనక మన గుర్రం కాపలా ఉంది కనుక రాజు ముట్టుకోలేడు. గతిలేక అతని ఏనుగే వచ్చి మంత్రిని తినేస్తుంది. దాంతో రాజుకి మిగిలిన ఆ ఒక్క గడీ మూసుకుపోతుంది. అప్పుడు మన గుర్రం ఒక్క గెంతు గెంతి ‘షా’ అంటుంది. చుట్టూ తనవాళ్లే, కదలడానికి మాత్రం చోటు లేదు. ఆట కట్టు!

ఈ కిటుకు 1497లో స్పెయిన్ దేశంలో లూసెనా అనే ఆయన అచ్చువేయించిన పుస్తకంలోనే ఉంది. అంతకుముందు మంత్రికి ఐమూలగా ఒక్క గడి జరిగే బలమే ఉండేది. ఆ రోజుల్లోనే అక్కడ మంత్రి స్థానంలోని రాణికి బల్లంతా తిరిగే శక్తి వచ్చింది. బలం వచ్చిన కొత్తల్లోనే ఆవిణ్ణి బలి ఇవ్వడమూ నేర్చేసుకున్నారు చూశారా!

ఇది నాకు వేళాకోళంగానే ఉండేది, కిందటేడు దాకా.

మా మరిదిది కవిటి వైపు కొబ్బరితోట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చెట్లన్నీ పడగొట్టినా గుండె చెదరని మనిషి, కిడ్నీలు పోయాయనేసరికి కుంగిపోయాడు. మా ఉద్దానం సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, మా ఇచ్ఛాపురం - ఎన్ని ఇళ్లలోనో ఈ జబ్బు. ఎందరో డాక్టర్లు, శాస్త్రజ్ఞులు వచ్చి నీళ్లూ మట్టీ రక్తమూ పరీక్షలకు పట్టుకెళ్లారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి గొట్టాల్లో నీళ్లూ తెచ్చారు. కానీ కచ్చితంగా ఇదీ కారణం అన్న మాట ఇంకా తేలలేదు. వెనకపేజీ లేని లెక్క మాది.

వారానికి మూడుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకు రావడం. ఎన్నాళ్లిలా? ఓ ఆదివారం కుటుంబమంతా మా ఇంట్లో కూచున్నాం. పది నిమిషాలు పట్టలేదండీ తేలడానికి. "పెళ్లాం ఉంది కదా, ఇస్తాది" అన్నారు పెద్దలు. అందరి మొహాల్లోనూ లెక్క తేలిపోయిన నిశ్చింత. వంటింట్లో టీ కాస్తున్న మా తోడికోడలి దగ్గరికి వెళ్లి నేనూ పెద్దరికంగా సెలవిచ్చాను. "ఇచ్చేయమ్మా. ఒక కిడ్నీతో హాయిగా బతకొచ్చుట. నీ పసుపుకుంకుమలు నిలబడతాయి."

ఆమె గిన్నె దించి నాకేసి చూసింది.

"అక్కా, నీ బల్ల మీద ఆ మంత్రిని ఎప్పుడైనా అడిగినావేటి?"

నాకు నోట మాట రాలేదు. ఆమే మళ్లీ అంది: "నాను ఇవ్వననట్లేదు. ఆ నీళ్లే నానూ తాగినాను, ఆ మట్టిలోనే నానూ నడిసినాను. రేపు నాకున్న ఆ ఒక్కటీ పోతే నా గుంటల గతేటి? ఈ మాట నన్ను ఒక్కలైనా అడిగినారా?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. త్యాగం, త్యాగం అని మనం ఆడవాళ్లకు ఉగ్గుపాలతో పోస్తాం. మన కోనేరు హంపి బిడ్డ కోసం కొంతకాలం ఆట పక్కన పెట్టి, తిరిగి వచ్చి 2019లో ప్రపంచ రాపిడ్ ఛాంపియన్ అయింది, 2024లో మళ్లీ అయింది. బల్ల ముందు కూచున్నదీ ఆవిడే, వదులుకున్నదీ ఆవిడే. దాన్ని త్యాగం అంటే ఒప్పుకుంటాను. ఎవరి చెయ్యో ఎత్తి పెట్టిన మంత్రిది త్యాగమెలా అవుతుంది? అది ఖర్చు, అంతే! ఖర్చు పెట్టినవాళ్లమే తర్వాత ఆమెను దేవతని పొగుడుతాం.

మంచం మీద దొర్లుతుంటే మావగారి మాట ఒకటి జ్ఞాపకం వచ్చింది. ఈ లెక్కలు కట్టేవాళ్లకో నియమం ఉంది. మొదటి ఎత్తు ఒక్కటే ఉండాలి. మరో ఎత్తుతోనూ ఆట కడితే ఆ లెక్క తప్పని తీసి పారేస్తారు. అందుకే ఒక సమాధానం దొరకగానే నేను పుస్తకం మూసేస్తాను. అలవాటైపోయిందండీ! ఇంటి లెక్కనూ అలాగే మూసేశాను. బతుకులో రెండో సమాధానం ఉండటం తప్పు కాదే! వెతక్కపోవడమే తప్పు.

ఆ రెండో సమాధానం ఎక్కడుంది? నా పక్కనే గురక పెడుతోంది!

1994 నాటి అవయవ మార్పిడి చట్టం భార్యాభర్తలతో పాటు తల్లిదండ్రుల్నీ, బిడ్డల్నీ, తోబుట్టువుల్నీ కూడా దగ్గరి బంధువులనే అంటుంది. మావారు ఆయనకు సొంత అన్న. యాభై ఎనిమిదేళ్లు, షుగరు లేదు. ఆ ఆదివారం ఒక్కరూ ఆయనకేసి చూడలేదు. ఎవరి దాకానో ఎందుకు, నేను చూశానా? నా రాజు పక్కకు ఏ ఎత్తూ రాకుండా చూసుకుంటూ, పక్కింటి మంత్రిని ముందుకు తోశాను. మూడెత్తుల ముందుచూపున్న దాన్ని కదా!

పొద్దున్న కాఫీ ఇస్తూ చెప్పాను. చెబుతుంటే నా చెయ్యే వణికింది. ఇవ్వమని అనలేదు. "మీరూ ఒకసారి పరీక్ష చేయించుకుంటారా?" అని అడిగానంతే. ఆయన గ్లాసు పట్టుకుని చాలాసేపు వీధిలోకి చూస్తూ కూచున్నారు. చివరకు, "భయంగా ఉందే" అన్నారు. ముప్పై ఏళ్లలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. మధ్యాహ్నం మాత్రం చొక్కా వేసుకుని తమ్ముడింటికి బయల్దేరారు. నేనూ వెంట వెళ్లాను, తోడికోడలికి నా తప్పు చెప్పుకోవడానికి. ఆమె పెద్దగా ఏమీ అనలేదు. "కూకో అక్కా" అని పీట వేసింది.

ఇప్పుడు ఇద్దరికీ పరీక్షలు జరుగుతున్నాయి. ఎవరిది సరిపోతుందో, అసలు సరిపోతుందో లేదో తెలీదు. సరిపోయినా ఇస్తారా లేదా అన్నది వాళ్లిద్దరిలో ఎవరికి వారు చెప్పాల్సిన మాట. కాదంటే మాట తూలే హక్కు మాకెవరికీ లేదని మావారే పెద్దలకు గట్టిగా చెప్పి వచ్చారు.

మధ్యాహ్నాలు నేను ఇప్పటికీ చాప పరుచుకుంటాను. మంత్రిని ఏనుగు నోటికి అందించే ముందు మాత్రం చెయ్యి ఓ క్షణం ఆగుతుంది. చెక్కబొమ్మే, తెలుసు. అయినా ఇంకో ఎత్తేమైనా ఉందేమోనని బల్లంతా మరోసారి చూసుకుంటాను.