నగరదహనం: రెండవ ప్రపంచయుద్ధం మిగిల్చిన ధర్మసందేహం

న్యాయమైన కారణంతో మొదలైన యుద్ధంలో గెలుపు కోసం చేసిన ప్రతి పనీ న్యాయమే అవుతుందా అన్న ప్రశ్న చాలా పాతది. కానీ రెండవ ప్రపంచయుద్ధం దానికి పెట్టినంత కఠినమైన పరీక్షను మరే యుద్ధమూ పెట్టలేదు. దురాక్రమణదారు చేసిన ఘోరాలను ఖండించడానికి పెద్ద ఆలోచన అక్కరలేదు. హిట్లర్ పాలనను కూలదోయడం అవసరమనీ, అది ఆయుధాలతో తప్ప అయ్యే పని కాదనీ ఒప్పుకున్నవారు, ఆ పనికి పూనుకున్న పక్షమే 1942 నుంచి 1945 వరకు జర్మనీ, జపాన్ నగరాలను జనంతో సహా తగలబెట్టిన తీరును ఎలా చూడాలన్నదే అసలు చిక్కు. క్రైస్తవ చింతనలో అగస్టీన్ కాలం నుంచి రూపుదిద్దుకుంటూ వచ్చిన ధర్మయుద్ధ సిద్ధాంతం ఇక్కడ రెండు ప్రశ్నలను వేరుచేస్తుంది: యుద్ధానికి దిగడం న్యాయమా అన్నది ఒకటి, దిగాక నడుచుకున్న తీరు న్యాయమా అన్నది మరొకటి. మొదటిదానికి వచ్చిన జవాబు రెండవదానికి చెల్లదు.

యుద్ధానికి ముందు ఈ విషయంలో ప్రభుత్వాలకు సందేహమే లేనట్టు కనిపిస్తుంది. స్పెయిన్ అంతర్యుద్ధంలో 1937 ఏప్రిల్ 26న జర్మన్, ఇటాలియన్ విమానాలు గెర్నికా పట్టణాన్ని నేలమట్టం చేసినప్పుడు లోకమంతా ఛీకొట్టింది. సాధారణ పౌరులపై ఉద్దేశపూర్వకంగా బాంబులు వేయడం అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమని 1938 జూన్‌లో బ్రిటిష్ ప్రధాని నెవిల్ చాంబర్లేన్ పార్లమెంటులో ప్రకటించగా, అదే ఏడాది సెప్టెంబరులో నానాజాతి సమితి అదే అర్థంలో తీర్మానం చేసింది. పౌరులపై బాంబులు వేయవద్దని 1939 సెప్టెంబరు 1న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చేసిన విజ్ఞప్తికి బ్రిటన్, ఫ్రాన్స్‌లతో పాటు జర్మనీ కూడా తల ఊపింది. ఆ నెల గడవకముందే వార్సా తగలబడింది; 1940 మేలో రాటర్‌డామ్, నవంబరులో కోవెంట్రీ అదే దారి పట్టాయి.

బ్రిటన్ కూడా నగరాలపై దాడుల వైపు మొగ్గడానికి పగ ఒక్కటే కారణం కాదు. పగటిపూట వెళ్లిన విమానాలు కూలిపోతుండటంతో దాడులను రాత్రికి మార్చారు. రాత్రి చీకట్లో లక్ష్యం కనబడదు. విమానాల నుంచి తీసిన ఛాయాచిత్రాలను పరిశీలించి 1941 ఆగస్టులో సమర్పించిన బట్ నివేదిక ప్రకారం, లక్ష్యాన్ని చేరామని చెప్పుకున్న విమానాల్లో మూడింట ఒక వంతు మాత్రమే దానికి ఐదు మైళ్ల లోపుకు వెళ్లగలిగాయి. కర్మాగారాన్ని కొట్టలేమని తేలినప్పుడు ఊరినే లక్ష్యం చేసుకోవాలన్న నిర్ణయం జరిగింది. శత్రుదేశపు పౌరుల, ముఖ్యంగా పారిశ్రామిక కార్మికుల మనోధైర్యమే ఇకపై ప్రధాన లక్ష్యమని 1942 ఫిబ్రవరి 14న బ్రిటిష్ వైమానిక దళపు బాంబర్ కమాండ్‌కు ఆదేశం వెళ్లింది. ఆ మరునాడే వైమానిక దళాధిపతి చార్లెస్ పోర్టల్, గురిపెట్టవలసినది జనావాసాల మీదే తప్ప ఓడల కార్ఖానాల మీదో విమాన కర్మాగారాల మీదో కాదని ఒక చిన్న కాగితంపై స్పష్టం చేశాడు. ధర్మశాస్త్ర దృష్టితో చూసేవారికి ఆ యుద్ధకాలపు దస్తావేజుల్లో ఇంతకన్నా విలువైన కాగితం దొరకడం కష్టం, ఎందుకంటే వ్యవహారం మొత్తం గురి ఎక్కడ పెట్టారన్న దాని మీదే ఆధారపడి ఉంది.

పదమూడవ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఆత్మరక్షణ గురించి చర్చిస్తూ, ఒకే పనికి రెండు ఫలితాలు ఉండవచ్చనీ, అందులో ఒకటి కర్త ఉద్దేశించినది, రెండవది ఉద్దేశించనిది కావచ్చనీ చెప్పాడు. తరువాతివారు దీనిని ద్విఫల న్యాయంగా విస్తరించారు: చేసే పని స్వతహాగా తప్పు కాకపోతే, చెడు ఫలితం మంచికి సాధనం కాకపోతే, చెడుతో పోలిస్తే దక్కే మంచి తగినంత పెద్దదైతే, ఆ చెడు కలుగుతుందని ముందే తెలిసినా పనికి పూనుకోవచ్చు. ఉదాహరణకు, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం రేవుపై బాంబులు వేశాయి. జపాన్ యుద్ధం అన్యాయమైనదే అయినా, రేవును లక్ష్యంగా ఎంచుకోవడం మాత్రం ఈ న్యాయం ప్రకారం దానికదే తప్పనిపించుకోదు. దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది: చుట్టుపక్కల మనుషులెవరూ లేకపోయి ఉంటే దాడి చేసినవాడి పని నెరవేరినట్టా, చెడినట్టా? రేవు విషయంలో నెరవేరినట్టే. జనం మనోధైర్యం దెబ్బతీయడానికి జనావాసాన్ని కొట్టినప్పుడు మాత్రం, జనం లేని ఊరిపై దాడి వ్యర్థమవుతుంది. మనుషుల బాధ అక్కడ పక్కన జరిగిన నష్టం కాదు, అదే సాధనం. ఉద్దేశించినది ఇళ్లను కూల్చడమే గానీ మనుషులను చంపడం కాదని కొందరు సమర్థించారు. నడిరాత్రి, ఇంటిల్లిపాదీ లోపల ఉన్న వేళ ఇల్లు కూల్చేవాడి నోట ఆ మాట నిలవదు.

1943 జులై 27 రాత్రి హాంబర్గ్‌పైకి ఏడు వందలకు పైగా విమానాలు వచ్చాయి. పెద్ద బాంబులు ముందు ఇళ్ల కప్పులను, కిటికీలను ఎగరగొట్టాయి. ఆ తెరుచుకున్న కప్పుల గుండా చిన్న చిన్న దాహక బాంబులు అటకలపై పడి దూలాలను అంటించాయి. వేసవి ఎండకు ఎండిపోయి ఉన్న కార్మికవాడల్లో వేర్వేరు మంటలు ఒక్కటై, చుట్టూ ఉన్న గాలిని తమలోకి లాక్కునే అగ్నితుపానుగా మారాయి. నేలమాళిగల్లో తలదాచుకున్నవారిలో చాలామంది శరీరంపై గాయమైనా లేకుండా విషవాయువుతోనూ, వేడితోనూ చనిపోయారు. ఆ రాత్రితో కలిపి పది రోజులు సాగిన దాడుల్లో మరణించినవారు సుమారు 37,000 మంది. 1945 మార్చి 9 రాత్రి ఇదే పద్ధతిని అమెరికా టోక్యోపై ప్రయోగించినప్పుడు మృతుల సంఖ్య లక్షకు చేరింది; హిరోషిమా, నాగసాకిలు అప్పటికే నలిగిన దారిలో వచ్చిన మజిలీలు.

దీనికి చెప్పే సమర్థనల్లో మొదటిది, సమగ్ర యుద్ధంలో అమాయకులంటూ ఎవరూ ఉండరన్నది. అమెరికన్ జెసూట్ పండితుడు జాన్ ఫోర్డ్ 1944లో రాసిన వ్యాసంలో, ఆధునిక నగరంలో మనుషులు చేసే వృత్తులను వరుసగా ఏకరువు పెట్టి, వీరిలో ఎవరికి మరణశిక్ష వేస్తారో చెప్పమని నిలదీశాడు. భీష్మపర్వంలో కౌరవ పాండవులు చేసుకున్న ఒప్పందం ఇంకా ముందుకు వెళ్లి, ఆయుధాలు మోసుకొచ్చి అందించేవారిని కూడా కొట్టరాదన్నది. ఆ ఒప్పందం నిలవలేదన్నది నిజమే.

రెండవ సమర్థన, ముందు మొదలుపెట్టింది వాళ్లే అన్నది. దీన్ని భారతంలోని సౌప్తికపర్వం తేల్చినంత నిక్కచ్చిగా ఏ నీతిశాస్త్ర గ్రంథమూ తేల్చలేదనిపిస్తుంది. నిద్రపోతున్నవారిని చంపడం అధర్మమని కృపాచార్యుడు వారించగా, భీష్ముణ్ణి, ద్రోణుణ్ణి, కర్ణుణ్ణి, దుర్యోధనుణ్ణి పాండవులు పడగొట్టిన తీరును అశ్వత్థామ ఒక్కొక్కటిగా ఎత్తిచూపుతాడు. అతడు చెప్పినవన్నీ నిజాలే. వ్యాసుడు గానీ, తెలుగు చేసిన తిక్కన గానీ వాటిని దాచలేదు. అయినా ఆ నిజాలు ద్రౌపది కొడుకులైన ఉపపాండవులను రాత్రివేళ చంపడానికి హక్కు ఇవ్వలేదు, ఎందుకంటే ద్రోణవధలో ఆ పిల్లల ప్రమేయం లేదు. కోవెంట్రీపై బాంబు వేసినవాడూ, హాంబర్గ్ నేలమాళిగలో చచ్చిన పసివాడూ ఒకే దేశం వాళ్లు కావడం వల్ల ఒకరి నేరం మరొకరికి బదిలీ కాదు.

మూడవది కాస్త బరువైనది. మైకేల్ వాల్జర్ 1977లో ప్రచురించిన ధర్మయుద్ధ గ్రంథంలో, సర్వనాశనం ముంచుకొచ్చి మరే ఆయుధమూ లేనప్పుడు నియమాన్ని దాటవచ్చనీ, బ్రిటన్ ఒంటరిగా నిలిచిన కాలానికి ఆ వెసులుబాటు వర్తిస్తుందనీ వాదించాడు. ఇది ఆపద్ధర్మానికి దగ్గరి వాదన. కానీ ఆపద తీరాక ఆపద్ధర్మం ఉండదు. సోవియట్ యూనియన్, అమెరికా యుద్ధంలోకి వచ్చి, 1943 ఫిబ్రవరికి స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సేన లొంగిపోయాక కూడా నగరదహనం ఆగలేదు సరికదా పెరిగింది. దాని అతిభారీ దశ వాల్జర్ లెక్కకు కూడా అందదు. 1945 ఫిబ్రవరిలో డ్రెస్‌డెన్‌లో పాతికవేల మంది వరకు చనిపోయేనాటికి బ్రిటన్‌కు ఆపద ఎక్కడుందో చూపడం ఎవరి తరమూ కాదు.

ఆ రోజుల్లోనే ఈ మాటలు పైకి అన్నవారు లేకపోలేదు. నాజీ వ్యతిరేక జర్మన్ పాస్టర్లకు మిత్రుడూ, హిట్లర్‌పై యుద్ధాన్ని సమర్థించినవాడూ అయిన చిచెస్టర్ బిషప్ జార్జ్ బెల్, 1944 ఫిబ్రవరి 9న ప్రభువుల సభలో లేచి, సైనిక లక్ష్యాన్ని కొట్టడానికీ నగరాన్ని మొత్తం తుడిచిపెట్టడానికీ మధ్య గీత ఎందుకు చెరిపేశారని ప్రభుత్వాన్ని అడిగాడు. లక్ష్యాలు సైనికమైనవేనన్న పాత పాటే మంత్రులు పాడుతున్న కాలం అది. తమ పని నగరాలను నాశనం చేయడమేనని బాహాటంగా ఒప్పుకోమని బాంబర్ కమాండ్ అధిపతి ఆర్థర్ హారిస్ 1943లోనే కోరగా, వైమానిక మంత్రిత్వశాఖ అందుకు ఒప్పుకోలేదు. నిజాయతీలో హారిస్ తన పైవారికన్నా ఒక మెట్టు పైనే ఉన్నాడనక తప్పదు.

అణుబాంబు విషయంలో తత్త్వవేత్త ఎలిజబెత్ ఆన్స్‌కోమ్ మరింత లోతుకు వెళ్లింది. 1956లో, ఆ బాంబు వేయించిన అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ పట్టా ఇవ్వబోగా ఆమె వ్యతిరేకించి, ఓడిపోయింది. బాంబు వేయకపోతే ఇంకెందరో చచ్చేవారన్న లెక్కకు మూలం బేషరతు లొంగుబాటు కావాలన్న పట్టుదలేననీ, ముందు ఆ షరతు పెట్టి తరువాత దాని పేరుతో పౌరులను చంపడం సమర్థన అనిపించుకోదనీ ఆమె వాదన. అమాయకుల మరణాన్నే సాధనంగా ఎంచుకోవడం హత్య. అది గెలిచిన పక్షం చేసినా, న్యాయమైన పక్షం చేసినా.

నగరంలో విడివిడిగా ఉన్న సైనిక లక్ష్యాలను ఒకే లక్ష్యంగా లెక్కగట్టి ఊరంతటిపై బాంబులు వేయడాన్ని 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాల్ 51వ అధికరణం స్పష్టంగా నిషేధించింది. బ్రిటన్ దానిని 1998లో ధ్రువీకరించింది. అమెరికా, భారతదేశం ఇంకా ధ్రువీకరించలేదు.