మ్రొక్కిన రాయి, మ్రొక్కని రాయి

మూఢవిశ్వాసమును తొలగించుట సంస్కర్తల ధర్మమని మనమందఱ మొప్పుకొందుము. కాని యొక విశ్వాసమును తొలగించినపుడు, అది యంతవఱకు కాపాడుచు వచ్చిన వస్తువును ఇకమీదట నెవరు కాపాడవలయునను ప్రశ్నను మనలో పెక్కురు వేసికొనరు. ఇది కేవలము గ్రంథములలోని ప్రశ్న కాదు. కృష్ణాతీరమున ముడుమాల్ గ్రామపు పొలములలో నిలిచియున్న రాళ్ళ నడుమకు పోయినవారికి అది తానై యెదురువచ్చును.

నారాయణపేట జిల్లాలోని యీ ముడుమాల్ దగ్గఱ ఎనుబదివఱకు నిలువురాళ్ళు గలవు. ఒక్కొక్కటి 10 మొదలు 14 అడుగుల యెత్తుండును. వానిచుట్టును లెక్కకు మిక్కిలి చిన్నరాళ్ళు వరుసలు తీర్చి పాతియున్నవి. ఇవి మూడువేల యేండ్లకు పైబడినవని పరిశోధకుల యభిప్రాయము. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండిన కె. పి. రావుగారు వీనిని చాలకాలము పరిశీలించిరి. కొన్ని వరుసలు ఆయనదినములలో సూర్యుడు పొడుచు, గ్రుంకు దిక్కులకు సరిపోవుననియు, ఒక రాతిపై తొలిచిన గుంటలు సప్తర్షిమండలమును బోలియున్నవనియు వారు తెలిపిరి. 2025లో ఈ స్థలము యునెస్కోవారి ప్రపంచవారసత్వపు తాత్కాలిక జాబితాలో చేరినది.

పగలు మిక్కిలి పొట్టిదగు డిసెంబరు మూడవ వారము దీనిని చూడ తగిన కాలము. మా కోటగిరి, బోధను ప్రాంతముల గృహస్థులు చెఱకుకోతల నడుమ తీరిక చేసికొని హైదరాబాదు చేరుదురేని, మఱునాడు తెల్లవాఱకముందే బయలుదేరి, దీనిని చూచి రాత్రికి నగరమునకు మరలి రావచ్చును. చలిగాలిలో, నేలబారు వెలుతురులో, ఆ రాళ్ళ నీడలు పొలములమీద దూరముగా సాగియుండును.

ఆ రాళ్ళలో నొకదానికి పసుపు కుంకుమలు పూసియుండును. గ్రామస్థులు దానిని ఎల్లమ్మయని కొలుతురు. ఈ రాళ్ళన్నియు శాపముచే రాళ్ళయిన మనుష్యులని అచ్చటి పాతకథ. చదువుకొన్నవారు ఈ కథ విని నవ్వుదురు. మేము పోయిన దినమున మాలో నొక విద్యార్థి యటులనే నవ్వగా, ప్రక్క చేనిలో పని చేయుచున్న ముసలమ్మ, “మా అవ్వ మొక్కింది, మేం మొక్కుతున్నం బిడ్డా. మొక్కకపోతే ఇది ఎప్పుడో గట్టుకింద పడుండేది” అనెను. ఆ మాటకు బదులు చెప్పుట సులభము కాదు. సాగునకు అడ్డమని పొలములనుండి పెఱికివేయబడిన రాళ్ళు అచ్చట గలవు. ఎల్లమ్మకు మాత్రము ఆ గతి పట్టలేదు.

విద్య వ్యాపించిన దేశములలో మఱియొక విధముగా జరిగినదా? ఇంగ్లాండులో స్టోన్‌హెంజ్ అను శిలావలయము గలదు. దానిలోని పెద్దరాళ్ళు సుమారు 4,500 సంవత్సరముల క్రిందట నిలుపబడినవి. శీతకాలపు ఆయనదినమున సూర్యుడస్తమించు దిక్కునకు అది సరిపోవునట్లు కట్టబడినది. అట్టిదానిని చూడవచ్చిన పందొమ్మిదవ శతాబ్దపు నాగరికులు, జ్ఞాపకచిహ్నములకని సుత్తులతో రాతిముక్కలు పగులగొట్టి తీసికొనిపోయిరి! వారికి శాపముల భయము లేదు. భయము పోయినచోట దాని బదులు మఱి యేదియు నింకను పాదుకొనలేదు. 1918లో సెసిల్ చబ్ అను న్యాయవాది దానిని జాతికి దానము చేసెను. కాపుదలకు చట్టము, ధనము, కావలివారు సమకూడుటకు చాలకాలము పట్టినది.

అట్లయిన మూఢభక్తియే మేలని చెప్పుదమా? చెప్పరాదు. భయము తాను మ్రొక్కిన రాతినే కాపాడును. దాని ప్రక్కనున్న రాయి నాగలి పాలగును. అంతేకాదు. రాతిలో దేవత యున్నదని నమ్మించు మనస్సే, రాతిక్రింద నిధి యున్నదనియు నమ్మించును. గుప్తనిధులకని అర్ధరాత్రమున పాతకట్టడములను త్రవ్వువారు మన దేశమున నేటికిని గలరు. మన పూర్వులు తమ వారిని ప్రేమతో పూడ్చిపెట్టిన రాతిగోరీలకు జనులు పెట్టిన పేరేమి? రాకాసిగుళ్ళు! అంతటి బండల నెత్తినవారు మనవంటి మనుష్యులేయని నమ్మలేక, ఆ పనిని రాక్షసులకు కట్టిపెట్టితిమి. భయము వస్తువును నిలుపవచ్చును గాని, దాని వెనుకనున్న మనుష్యుని మఱపించును. పదునాలుగడుగుల రాతిని త్రాళ్ళతో లాగి, గోయి త్రవ్వి, నిట్టనిలువుగా నిలిపిన ఆ పేరులేని కష్టజీవులే మన గౌరవమునకు అర్హులు.

కాబట్టి సంస్కర్తకు రెండు పనులు గలవు. భయమును తొలగించుట మొదటిది. దాని చోట బాధ్యతను నిలుపుట రెండవది. మొదటిదానిని చేసి రెండవదానిని విడిచినవాడు ఇంటి తలుపు నూడదీసి, క్రొత్త తలుపు పెట్టక పోయినవానివంటివాడు.

బాధ్యత మాటలతో తీరదు. రాళ్ళున్న చేలలో సేద్యము చేసికొని బ్రదుకువారు గలరు. ఒక రాయి నిలిచినంత మేర వారికి పంట తక్కువ. లోకమంతటి వారసత్వమని మనము పొగడు వస్తువుయొక్క ఖర్చును ఒక్క రైతుకుటుంబము మీద మోపి, ఆ రైతు రాతిని తీసివేసినపుడు అజ్ఞానియని నిందించుట న్యాయము కాదు. వానికి కలుగు నష్టమును ప్రభుత్వమును, చూడవచ్చు మనమును పంచుకొనవలయును. ప్రవేశరుసుము అడిగినచో గొణుగుకొనక యిచ్చుటయు ధర్మములో భాగమే.

ఇంత దూరము పోలేనివారికిని ఈ పాఠము దగ్గఱనే గలదు. తెలంగాణపు పల్లెలలో ఊరినడుమ బొడ్రాయి యుండును. పిల్లలకు దానిని చూపి, “మ్రొక్కుము, లేనిచో కీడు కలుగు” నని భయపెట్టకుడు. “ఇది రాయి, దీనిలో నేమియు లేదు” అని తీసిపాఱవేయకుడు. ఈ యూరిని నిలిపినవారు పదుగురు చేరి పాతిన గుర్తిది, వారి పేళ్ళు మనకు దక్కలేదు, గుర్తు మాత్రము దక్కినదని చెప్పుడు. అట్లు విని పెరిగిన బిడ్డ ముడుమాల్ పోయినపుడు రాతిమీద తన పేరు చెక్కడు; పసుపు పూసిన రాతిని చూచి నవ్వడు; పసుపు పూయని రాతిని తన్నడు. మ్రొక్కని రాతినిగూడ కాపాడ నేర్చిననాడే మనము మ్రొక్కు మానుటకు అర్హులమగుదుము.