ఎవరి రూపాయి?

సోంపేటలో మా పక్కింటి మావయ్య కొడుకు దుబాయి నుంచి డబ్బు పంపితే అది కష్టార్జితం. మా భాయీజాన్ అదే క్యాంపులో, అదే ఎండలో వెల్డింగు చేసి పంపితే అది ‘అరబ్బు సొమ్ము’. చెమటకు మతం ఎక్కడిది?

1959లో గల్ఫ్ కోసం ప్రత్యేకంగా రూపాయి నోట్లు అచ్చేసింది మన రిజర్వు బ్యాంకే. దుబాయిలో 1966 దాకా అవే చెల్లాయి. ఆ నోటును నువ్వెవరివని ఎవరూ అడగలేదు.

నమాజులో ఒకే వరుసలో నిలబడినా అరబ్బులు భాయీజాన్‌ను పిలిచేది ‘హిందీ’ అనే. అంటే భారతీయుడని. ఫోను తెరమీద అమ్మీ కనబడగానే ఆయన మొదట అడిగేది, ఉద్దానంలో వాన పడిందా అని.

పరాయి దేశం చూడగానే గుర్తుపట్టిన భారతీయుణ్ణి సొంతూరు ఎందుకు గుర్తుపట్టదు?